వారసత్వ కాగితాల్లో మనవాళ్లు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కచేరీల్లో దళిత చరిత్ర వెతుకులాట

ఉత్తర కరీంనగర్ చరిత్ర అనగానే ఇప్పటిదాకా వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం 1978 దగ్గరే మొదలవుతాయి. ఆ యేడు సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర, మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, దొరల సాంఘిక బహిష్కరణ, బంజరు భూముల ఆక్రమణ, ఇవన్నీ పుస్తకాలకెక్కాయి. ఎక్కవలసినవే. కాని ఆ ఊరేగింపులో నడిచిన మాల మాదిగ కూలీల తండ్రులెవరు, తాతలెవరు, వాళ్లు ఏ చెరువు కింద బతికారు, ఏ యేడు చనిపోయారు, చనిపోయాక వాళ్లది ఎవరికి పోయింది అన్న ప్రశ్న వేసినవాళ్లు చాలా తక్కువ. అంటే దళితుడు చరిత్రలోకి రావాలంటే జెండా పట్టుకొనో, తూటా తగిలో రావాలె. పోలీసు దస్త్రంలో తప్ప అతని పేరుకు చోటు లేదు.

ఆస్తి ఉన్న కులాల చరిత్ర రాసేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. వాళ్ల తాతముత్తాతలు చనిపోయిన ప్రతిసారీ ఏదో ఒక కచేరీలో ఒక మిసల్ తయారయింది. జాగీరు ఎవరికి, వతను ఎవరికి, మక్తా ఎవరికి అని విచారణ జరిగింది, వంశవృక్షం గీశారు, సాక్షులు చెప్పారు, ముద్ర పడింది. చావు వాళ్ల ఇంట్లో కాగితాన్ని పుట్టించింది. మన వాడల్లో చావు కాగితం లేకుండానే జరిగిపోయింది. అట్లాగని మన వాళ్ల చావులకు ఎక్కడా జాడ లేదా? ఈ ప్రశ్నతోనే మేము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారసత్వ కాగితాలు వెతకడం మొదలుపెట్టాము. ఆ వెతుకులాటలో తెలిసిన సంగతులను, ఇకముందు వెతికేవాళ్లకు పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాము.

మేము మొదట వెతికింది ప్రొబేటు దస్త్రాలను. పాశ్చాత్య విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల్లో ప్రొబేటు రికార్డుకు పెద్ద గౌరవం ఉంది. చనిపోయిన మనిషి వీలునామా, ఆస్తుల జాబితా, అప్పులు, వారసుల పేర్లు అన్నీ ఒక్క కట్టలో దొరుకుతాయి. అమెరికాలో నల్లజాతి కుటుంబాలు తమ పూర్వీకులను వెతుక్కునేది కూడా కౌంటీ కోర్టుల ప్రొబేటు దస్త్రాల్లోనే. అక్కడి 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను వయసు, లింగం, రంగు రాసి వదిలేశారు, పేర్లు రాయలేదు. దేశమంతటా విముక్తులైన నల్లవాళ్లను పేర్లతో లెక్కించింది 1870లోనే. అంతకు వెనక్కి పోవాలంటే యజమాని చనిపోయినప్పుడు కోర్టుకు ఇచ్చిన ఆస్తుల జాబితా చూడవలసిందే. అందులో పశువులు, పనిముట్ల పక్కనే బానిసల పేర్లుంటాయి, ఎదురుగా ధర ఉంటుంది. అవమానకరమైన కాగితమే. కాని ముత్తవ్వ పేరు ఆ ఒక్క కాగితంలోనే ఉంది. ఈ ఉదాహరణ మాకు ఒక దారి చూపించింది. మన వాళ్ల పేరు మన వాళ్ల కాగితంలో లేకపోతే, వాళ్లను ఏలినవాడి కాగితంలో వెతకాలె.

అయితే ప్రొబేటు అనే మాట మన జిల్లాలో దాదాపు వినిపించదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం హిందువుల వీలునామాకు తప్పనిసరి ప్రొబేటు పెట్టింది పాత బెంగాల్ పాలిత ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి హైకోర్టుల మూల పరిధికి మాత్రమే. హైదరాబాదు రాజ్యంలో అప్పటికి ఆ చట్టమే లేదు. తర్వాత వచ్చినప్పుడు కూడా ఆ నిర్బంధం ఏనాడూ కరీంనగర్ జిల్లాను తాకలేదు. కాబట్టి మన దగ్గర 'ప్రొబేటు రిజిస్టరు చూపించండి' అని గుమస్తాను అడిగితే అతను మన ముఖం చూస్తాడు. ఇక్కడ ఆ పని నాలుగైదు కచేరీల్లో ముక్కలు ముక్కలుగా జరిగింది. భూమి మీద వారసత్వం తహసీల్లో 'విరాసత్' లేదా 'ఫౌతీ' పేరుతో నడిచింది. బ్యాంకు సొమ్ము, పి.ఎఫ్., బాకీల మీద హక్కు కోర్టు ఇచ్చే వారసత్వ ధ్రువపత్రంతో నడిచింది. తగాదా వస్తే మున్సిఫ్ కోర్టులో పంపకాల దావా అయింది. వీలునామా రిజిస్టరు చేస్తే అది సబ్ రిజిస్ట్రార్ కచేరీలో మూడో నంబరు పుస్తకంలోకి పోయింది. రాసినవాడు బతికి ఉన్నన్నాళ్లు ఆ పుస్తకంలోని నకలు అతనికి, అతని ఏజెంటుకు తప్ప ఇవ్వరు. చనిపోయాక ఎవరు అడిగినా ఇవ్వాలె. ఈ చిన్న సంగతి తెలియక చాలామంది ఉత్త చేతులతో వెనక్కి వస్తుంటారు.

ఇక నిజాం కాలానికి పోదాం. ఆ రాజ్యంలో ప్రొబేటు కోర్టు లాంటిది లేకపోలేదు. జాగీర్లు, ఇనాముల వారసత్వాన్ని తేల్చడానికి అతియాత్ అనే ప్రత్యేక శాఖే ఉండేది. విచారణ అయ్యాక ముంతఖబ్ ఇచ్చేవాళ్లు. రాజ్యం పోయాక కూడా ఆ పని ఆగలేదు, 1952లో హైదరాబాదు అతియాత్ విచారణల చట్టం వచ్చింది. ఒక జాగీర్దారు పోతే భార్యలెందరు, బిడ్డలెందరు, ఎవరికెంత వాటా అని ఏళ్ల తరబడి విచారించిన కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. పాత ప్రభుత్వ పత్రాలకు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ భాండాగారం పెద్ద నిలయం.

అదే కాలంలో ఊరి చివరన ఇంకో రకం ఇనాం ఉండేది. చెరువు తూము తెరిచి మడిమడికీ నీళ్లు పంచే నీరడి, ఊరి కావలి కాసి కబురు మోసే సేత్‌సింధి, వీళ్లకు చాకిరికి బదులు గుంటల లెక్కన భూమి ఉండేది. చాలా ఊళ్లలో ఈ పనులు మాలలవి, మాదిగలవి. ఈ ఇనాముకు కూడా వారసత్వం ఉంది. నీరడి చనిపోతే కొడుకు నీరడి కావాలె. కాని ఇక్కడ భూమి వెంట చాకిరి రావడం కాదు, చాకిరి వెంట భూమి వస్తుంది. కొడుకు తూము దగ్గరికి పోకుంటే భూమి లేదు. ఈ వారసత్వానికి ముంతఖబ్ లేదు, వంశవృక్షం లేదు. పటేల్ పట్వారీల మాట మీద తహసీల్లో ఒక గీత గీసి, పాత పేరు కింద కొత్త పేరు రాసేవాళ్లు. ఒక్కోసారి అదీ లేదు. తండ్రి పేరు మీదనే కొడుకు, మనుమడు దున్నుకున్నారు. చచ్చిపోయినోడు కాగితంలో అరవై ఏళ్లు బతికే ఉన్నాడు. మా తాత కూడా నీరడే. కాబట్టి ఈ సంగతి మాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

1955లో హైదరాబాదు ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాము భూమి మీద ఉన్నవాళ్లకు హక్కు ఇస్తామన్న ఈ చట్టం, మొదటి సెక్షనులోనే సేత్‌సింధి, నీరడి, బలుత ఇనాములు తన కిందికి రావని పక్కన పెట్టింది. గ్రామ సేవ చేసేవాళ్ల భూమి సేవతోనే ఉండాలన్నది ఆ ఏర్పాటులోని తర్కం. చాకిరి మాత్రం వారసత్వంగా నడుస్తూనే వచ్చింది. పేర్లు మారాయి. గ్రామ సేవకులన్నారు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులన్నారు. తండ్రి కొలువు కొడుక్కి, మామ కొలువు కోడలికి వచ్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసి వాళ్లను వేరే శాఖల్లో సర్దింది. అంటే నిజాం కాలపు వారసత్వ చాకిరి తోక నిన్నమొన్నటిదాకా ఉందన్నమాట.

మన వాళ్లకు సంక్రమించిన రెండో ఆస్తి అప్పు. తీసుకున్న బాకీకి దొర ఇంట్లో జీతం ఉండటాన్ని తెలంగాణలో భగేలా అన్నారు. తండ్రి తీర్చని బాకీకి కొడుకు జీతం ఉన్నాడు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం చేసింది. కరారు రాతలో ఉండాలన్నది. రాత ఎవరి చేతిలో ఉందో ఆ చట్టం అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చినప్పుడు వెట్టి అంటే ఏమిటో నిర్వచించవలసి వచ్చింది. వారసత్వంగా సంక్రమించిన బాధ్యత వల్ల గానీ, ఫలానా కులంలో పుట్టినందువల్ల గానీ చేసే చాకిరి అని అందులో ఉంది. మేము ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాము. 1925 చట్టం వారసత్వం అన్నప్పుడు ఆస్తి దిగివస్తుంది. 1976 చట్టం అదే మాట అన్నప్పుడు బానిసత్వం దిగివస్తుంది. మన వాళ్ల వారసత్వ చరిత్ర రాయాలంటే ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదవాలె. ఒక్కదాన్నే చదివితే దొరల చరిత్రే మళ్లీ రాస్తాము.

ఇప్పుడు ఏలినవాడి కాగితంలో వెతకడం అంటే ఏమిటో చెప్పాలె. దొరల ఇళ్లలో అన్నదమ్ములు విడిపోయినప్పుడు పంపకాల దావాలు పడ్డాయి. దావాకు ఆస్తుల షెడ్యూలు జత చేస్తారు. భూములు, గడీ, పశువులు, బంగారం అయిపోయాక రావలసిన బాకీల పట్టిక ఉంటుంది. ఫలానా వాడి దగ్గర ఇంత రావాలె అని రాస్తారు. అక్కడ బాకీదారులుగా మన వాళ్ల పేర్లు దొరికే అవకాశం ఉంది. అంతకంటే విలువైనవి సాక్షుల వాంగ్మూలాలు. చెరువు నీళ్ల మీద, గట్ల మీద, కబ్జా మీద తగాదా వచ్చినప్పుడు ఏ మడికి ఏ కాలువ పోతదో తెలిసినవాడు నీరడి ఒక్కడే. దొరలిద్దరూ తమ తమ వకీళ్లతో నిలబడి అతన్ని బోనెక్కించారు. వాంగ్మూలం పైన సాక్షి పేరు, తండ్రి పేరు, కులం, సుమారు వయసు, వృత్తి, ఊరు రాస్తారు. కింద వేలిముద్ర వేయిస్తారు. మా తాత పేరు, ఆయన తండ్రి పేరు మాకు దొరికింది ఇట్లాంటి ఒక కాగితంలోనే. ఆ దావాతో మా తాతకు ఏ సంబంధమూ లేదు. గెలిచినా ఓడినా ఆయనకు దక్కేది లేదు. పరాయి వాళ్ల ఆస్తి తగాదాలో నిలబడి, తనకు తెలియకుండానే తన బిడ్డలకు ఒక పేరు మిగిల్చి పోయాడు.

ఈ కాగితాలు చదవడానికి కొన్ని తాళంచెవులు కావాలె. మొదటిది భాష. 1948 సెప్టెంబరు పోలీసు చర్య దాకా హైదరాబాదు రాజ్యపు కోర్టు భాష ఉర్దూ. సేత్వార్లూ ఉర్దూలోనే ఉన్నాయి. చేతిరాత గొలుసుకట్టుది, నుక్తాలు సగం పెట్టరు. ఉర్దూ లిపిలో ప, బ, త లకు ఒకటే ఆకారం, చ, జ లకు ఒకటే ఆకారం. చుక్కలే తేడా. చుక్క పోతే పోచం అన్న పేరును బోజం అనైనా చదవవచ్చు. తర్వాత కాలంలో ఆ ఉర్దూను తెలుగులోకి దించిన గుమస్తా ఎట్లా చదివితే మన తాత పేరు అట్లా అయింది. ఇవాళ 'పేర్లు కలుస్తలేవు' అని దరఖాస్తు తిప్పి పంపినప్పుడల్లా దాని వెనుక ఇట్లాంటి పోయిన చుక్క ఉందేమో చూడాలె. మాకు ఈ లిపి చదివిపెట్టింది రిటైరైన ముస్లిం గుమస్తాలు. వాళ్ల తరం దాటిపోతోంది. చరిత్ర శాఖల్లో మన పిల్లలు ఉర్దూ నేర్చుకోకపోతే మన తాతల పేర్లు కళ్ల ముందున్నా కనపడవు.

రెండోది కాలం. పాత కాగితాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. అయితే హైదరాబాదు ఫస్లీ ఆజూర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. కాబట్టి 1358 ఫస్లీ అంటే 1948 అక్టోబరు నుంచి 1949 అక్టోబరు దాకా. ఒక యేడు అటూ ఇటూ అయిందంటే తప్పు రిజిస్టరు తెరిచి 'లేదు' అని రాసిస్తారు. వాడల్లో చావు తేదీ అడిగితే ఫస్లీ చెప్పరు, ఇంగ్లీషు తేదీ చెప్పరు. ఒక ముసలవ్వ మాతో అన్నది: 'తారీకు నాకేం ఎరుక బిడ్డా, రజాకార్లు పోయి మిల్ట్రీ వచ్చిన తెల్లారి యాడాది మా అయ్య సచ్చిపోయిండు, అప్పటికి నాకింకా పాల పండ్లు ఊడలె.' ఈ ఒక్క మాటతో మేము ఏ రిజిస్టరు తెరవాలో తెలిసింది. పోలీసు చర్య, 1972 కరువు, ఎమర్జెన్సీ, జైత్రయాత్ర, ఇవి మన వాడల క్యాలెండరు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అది మన గడపల్లోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

మూడోది పేరు రాసిన తీరు. పైకులాల వాళ్లకు ఇంటిపేరు, గౌరవ వాచకం ఉంటాయి. మన వాళ్లకు పేరుకు ముందు కులం, పేరు చివర 'గాడు', ఆపైన 'వల్ద్' అని తండ్రి పేరు. ఆడవాళ్లయితే అదీ లేదు. 'జౌజే' అంటే ఫలానా వాడి భార్య, 'బేవా' అంటే ఫలానా వాడి విధవ. ఆమెకు ఒక పేరుందని రాయడం పట్వారీకి అవసరం అనిపించలేదు. ఒకే ఊళ్లో నలుగురు పోశాలు, ముగ్గురు రాజాలు ఉంటే ఇంటిపేరు లేకుండా ఎవరు ఎవరో తేల్చడం కష్టం. దానికి సర్వే నంబరు, పక్క హద్దు, తండ్రి పేరు మూడూ కలిపి చూసుకోవాలె.

ఆడవాళ్ల సంగతి ఇంకా చెప్పవలసి ఉంది. మన కులాల్లో మారుమనువు తప్పు కాదు. పెద్దల ముందట విడిపోవడం, మళ్లీ పెండ్లి చేసుకోవడం ఆచారం. కాని వారసత్వం అడిగే కచేరీకి ఈ ఆచారం అర్థం కాదు. మొదటి భార్య ఎవరు, విడాకుల కాగితం ఏదీ అంటుంది. కులపెద్దలు సాక్ష్యం చెప్పి మారుమనువును నిలబెట్టుకోవలసి వస్తుంది. అట్లాంటి వాంగ్మూలాలు మన కుటుంబ ఆచారాలకు మనవాళ్లే చెప్పుకున్న చరిత్ర. ఇక జోగినిగా వదిలేసిన ఆడబిడ్డల పిల్లల దరఖాస్తులో తండ్రి పేరు గడియే పెద్ద గోడ. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ దురాచారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. కాని ఖాళీ గడి ఖాళీగానే ఉంది. అందరికీ తెలిసిన తండ్రి కాగితంలో లేడు, కాబట్టి అతని భూమిలో వాటా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం బిడ్డలకు ఇచ్చిన హక్కు, 1986 సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో, 2005 సవరణతో దేశమంతటా కూతుళ్లకు వచ్చిన సమాన వాటా, ఈ గోడ ఇవతలే ఆగిపోయాయి.

స్వాతంత్ర్యం వచ్చాక మన వాళ్లకు దక్కిన భూమిలో పెద్ద భాగం లావణి పట్టాలు, అసైన్డు పట్టాలు. 1977 నాటి చట్టం ప్రకారం అసైన్డు భూమి తండ్రి నుంచి బిడ్డలకు రావచ్చు, అమ్మకూడదు. అంటే ఈ భూమికి ఉన్న దారి వారసత్వం ఒక్కటే. పట్టాదారు పోయాక విరాసత్ కాకపోతే ఆ భూమి గాలిలో ఉన్నట్లే. పక్క పొలం ఆసామికి అదే కావాలె. దళితుల చేతుల్లోంచి జారిన భూములన్నీ దౌర్జన్యంతోనే పోయాయని అనుకుంటే పొరపాటు. చావుకూ విరాసతుకూ మధ్య ఉన్న ఖాళీలో నిశ్శబ్దంగా పోయినవీ ఉన్నాయి. 1954-55 ఖాస్రా పహాణీలో మన పేరు, తర్వాతి పహాణీల్లో పట్టాదారు గడిలో మన పేరు, అనుభవదారు గడిలో వేరే పేరు, ఇంకో పదేళ్లకు రెండు గడుల్లోనూ ఆ వేరే పేరే కనపడితే, మధ్యలో ఏ యేడు మార్పు జరిగిందో ఆ యేటి ఫైసల్ పట్టీ అడగాలె. మార్పుకు ఆధారం ఏమిటో అక్కడ రాసి ఉండాలె. ఆధారం లేదంటే అదే మన ఆధారం.

కాని కాగితం ఉన్న చోట ఉండదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. అది మంచిదే. కాని అప్పటిదాకా ఊరి దస్త్రం పట్వారీ ఇంట్లోనే ఉండేది. అందరూ అంతా అప్పజెప్పలేదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, మిసల్లు మూటలు కట్టి పంచారు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి, మళ్లీ మూటలు కదిలాయి. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. అంతకు ముందు జిల్లా కోర్టు కరీంనగరే కనుక పాత వ్యాజ్యం ఎక్కడుందో ముందు రిజిస్టరు చూసి తేల్చుకోవాలె. 2020లో ధరణి వచ్చింది, అనుభవదారు గడి ఎగిరిపోయింది. దానితోపాటు సాగు చేసుకుంటున్న మన పేరు కూడా పోయింది. ఆ తర్వాత 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, భూభారతి మొదలయింది. కంప్యూటరు ఎన్నిసార్లు మారినా అందులోకి ఎక్కించేది పాత కాగితంలో ఉన్న పేరునే. పాత కాగితంలో చచ్చిపోయిన తాత బతికే ఉంటే కొత్త తెర మీద కూడా ఆయన బతికే ఉంటాడు.

ఇది పాత చరిత్ర మాత్రమే అనుకునేవాళ్లు ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ఏ వాడకైనా పోయి చూడవచ్చు. ఇక్కడి నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు శవపెట్టెల్లో తిరిగివస్తే, అక్కడి కంపెనీ ఇవ్వవలసిన సొమ్ముకు వారసుల ధ్రువపత్రం కావాలె. బీడీలు చుట్టిన అవ్వ చనిపోతే ఆమె పి.ఎఫ్.కు నామినీ లేకుంటే మళ్లీ అదే. బీడీ కార్మికులకు పి.ఎఫ్. వర్తించింది 1977లో. నలభై ఏళ్లకు పైగా వేళ్లు అరిగేలా చుట్టి దాచిన సొమ్ము, పాస్‌బుక్కులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉన్నందుకు ఆగిపోతుంది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల పత్రం కొన్నింటికి చాలు. బ్యాంకో, కంపెనీయో ఒప్పుకోకపోతే కోర్టులో వారసత్వ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాలె. ఆ ధ్రువపత్రం బాకీలకు, షేర్లకు, డిపాజిట్లకే తప్ప భూమికి పనికిరాదు. ఇది తెలియక రెండింటికీ ఒకటే కాగితం చాలనుకొని తిరిగిన విధవలను మేము చూశాము.

ఒక కచేరీలో మేము పాత వాంగ్మూలాలు అడిగితే, అవి గడువు తీరి తీసేశారన్నారు. 1917 నాటి దస్త్రాల నాశనం చట్టం కింద కోర్టులు పాత కాగితాలు తీసివేయవచ్చు. సాధారణంగా తీర్పును, డిక్రీని ఎక్కువ కాలం దాస్తారు. వాంగ్మూలాలు, అర్జీలు, నోటీసులు ముందు పోతాయి. చట్టం చూపులో ఇది సబబే, తీర్పు ఉంటే చాలు. కాని తీర్పులో ఉండేది దొర పేరు. వాంగ్మూలంలో ఉండేది నీరడి పేరు. కాబట్టి చోటు కోసం దస్త్రం తగ్గించిన ప్రతిసారీ ముందుగా కాలేది మన పేర్లే. ఎవరూ మన మీద కక్షతో కాల్చడం లేదు. కక్ష అక్కర లేకుండానే ఆ పని జరిగిపోతోంది. అందుకే పరిశోధకులు పాత మున్సిఫ్ కోర్టుల వాంగ్మూలాలను తీసివేసే ముందు పురాలేఖ భాండాగారానికి పంపాలని గట్టిగా అడగాలె. ఇది మన సంఘాల డిమాండ్లలో ఇప్పటిదాకా లేదు.

కోర్టులో మూడో మనిషికి నకలు ఊరికే ఇవ్వరు. ఎందుకు కావాలో ప్రమాణపత్రం దాఖలు చేయాలె. సంవత్సరం, కేసు రకం, నంబరు తెలియకపోతే ముందు దావాల రిజిస్టరు వెతకడానికి దరఖాస్తు పెట్టాలె. నోటిమాటగా 'లేదు' అంటే కదలవద్దు, లేదని రాసి ఇమ్మనాలె. ఆ రాత కూడా ఒక రికార్డే, పై కచేరీకి పోవడానికి అదే మెట్టు.

దొరికిన నకలును దాచే పద్ధతి గురించి కూడా రెండు మాటలు. రెవెన్యూ వాళ్లలాగా సర్వే నంబరు వారీగా కాకుండా, ఇంటి వారీగా దాచాలె. ఒక ఇంటికి ఒక ఫైలు. మొదటి కాగితం మీద ఇంటిపెద్దలు నోటితో చెప్పిన వంశం, చావుల వరస, చెప్పినవాళ్ల పేరు, చెప్పిన తేదీ. తర్వాత ప్రతి నకలు వెనుక ఏ కచేరీ, ఏ రిజిస్టరు, ఏ సంవత్సరం, ఏ పేజీ. పేరు ఎన్ని తీర్ల రాసి ఉంటే అన్ని తీర్లా ఎత్తి రాయాలె. కులం పేరు, 'గాడు' అన్న మాట చూసి సిగ్గుపడి సరిదిద్దవద్దు. ఆ అవమానం మనది కాదు, రాసినవాడిది. అదీ సాక్ష్యమే. బతికున్నవాళ్ల తగాదాలు మాత్రం వాళ్ల అనుమతి లేకుండా అచ్చు వేయవద్దు. ఒక ప్రతి ఇంటివాళ్ల దగ్గర, ఒక ప్రతి వాడలోని అంబేద్కర్ సంఘ భవనంలో ఉండాలె. ఊరూరా ఆ భవనాలున్నాయి. జయంతికి, వర్ధంతికి తెరుస్తున్నాము. ఒక బీరువా పెడితే అవే మన దస్త్రఖానాలు అవుతాయి.

నిజామాబాదులో వకీలుగా పనిచేసి, అంబేద్కర్ యువజన సంఘాన్ని నడిపిన బొజ్జా తారకం 1980ల మొదట్లో 'పోలీసులు అరెస్టు చేస్తే' అన్న పుస్తకం రాశారు. కల్లోలిత ప్రాంతాల్లో ఆనాడు అందరికీ కావలసిన పుస్తకం అది. పోలీసులు తలుపు కొడితే ఏం చేయాలో మన వాడలకు అట్లా తెలిసింది. అయ్య చనిపోతే ఏం చేయాలో మాత్రం ఇంకా తెలియదు. దినాలు చేయడం తెలుసు, బంధువులకు బువ్వ పెట్టడం తెలుసు, దానికి అప్పు చేయడం తెలుసు. పదకొండో దినం తెల్లారి మరణ ధ్రువపత్రానికి, విరాసతుకు దరఖాస్తు పెట్టడం కూడా దినాల్లో భాగం కావాలె. ఇప్పుడు చనిపోతున్న తరంతో పాటు ఆ పేర్లు గుర్తున్న చివరి మనుషులు పోతున్నారు. మాకు తేదీ చెప్పిన ఆ అవ్వ మేము నకలు తీసుకొని పోయేసరికి లేదు. ఆమె తండ్రి పేరు ఉన్న కాగితం ఇప్పుడు ఆమె కొడుకు ఇంట్లో, ఆమె పేరు మీద తెరిచిన ఫైలులో ఉంది.